విప్పని స్వెటర్ల మూట

నా చిన్నప్పుడు హోసూరు బస్టాండు వెనక సందులో మాకొక చిన్న బట్టల అంగడి ఉండేది. తువ్వాళ్ళు, లుంగీలు, లంగాలు, బనియన్లు, బడిపిల్లల యూనిఫారాలు అమ్మేవాళ్ళం. మా అమ్మా నాయనా కలిసి పెట్టుకున్న అంగడి అది. గల్లాపెట్టె దగ్గర నాయన కూర్చుంటే, ఏ సరుకు తేవాలో, ఎంత తేవాలో అమ్మ చూసుకునేది. నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా అమ్మ జ్వరంతో ఆస్పత్రికి పోయింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ తరవాత మా నాయనకు మాట కరువైపోయింది. కోపం కాదు. అన్నం వండి పెట్టేవాడు, వంకరో టింకరో నాకు జడ వేసేవాడు, బడి దాకా తోడొచ్చేవాడు. మాట మాత్రం వచ్చేది కాదు. బడి వదలగానే నేను అంగడికి పోయి స్టూలు మీద కూర్చునేదాన్ని. ఇద్దరం ఒకే నాలుగు గోడల మధ్య, ఎవరి మూలలో వాళ్ళం. ధర్మపురి, బెంగుళూరు అని కండక్టర్లు అరిచే కేకలు వింటూ సాయంత్రాలు గడిచేవి. ఎవరైనా గిరాకీ వస్తే, వాళ్ళు బేరమాడే నాలుగు మాటలైనా చెవిన పడతాయని ఎదురుచూసేదాన్ని. అదీ తగ్గుతూ వచ్చింది. అమ్మ తెచ్చిన సరుకులో మంచివన్నీ అమ్ముడైపోయాయి. కొత్తవి తేవడానికి నాయన బెంగుళూరు పోలేదు. చివరికి ఆ సైజు లేదమ్మా, ఆ రంగు లేదప్పా అని మనుషుల్ని తిప్పి పంపడమే మా వ్యాపారమైంది.

అంగడి పై అరలో గోనెపట్టా చుట్టి కుట్టిన పెద్ద మూట ఒకటి ఉండేది. అందులో ఏముందో నాకు తెలియదు. ఒకసారి స్టూలెక్కి దాని మీద చెయ్యి వేయబోతే నాయన, "దిగు పాపా" అన్నాడు. ఆ గొంతు విన్నాక మళ్ళీ అటు పోలేదు.

అమ్మ పోయి రెండేళ్ళు దాటిన ఏడాది, మా లెక్కలు రాసే పెద్దాయన చూపు ఆనక పని మానుకున్నాడు. మా పక్కింట్లో అద్దెకుండే అక్క ఆ పని ఒప్పుకుంది. వేప్పనపల్లి దగ్గర పల్లె ఆమెది. పగలంతా ఒక ఆడిటరు ఆఫీసులో పనిచేసి, ఆదివారాల్లో చిన్న అంగళ్ళకు లెక్కలు రాసిపెట్టేది. ఆమె కూడా ఒంటరిదే. ఆమె గదిలోంచి రేడియో తప్ప ఇంకో మనిషి గొంతు నాకెప్పుడూ వినపడలేదు.

నాయన ఆమెను పిలిచింది వ్యాపారం పెంచుకోవడానికి కాదు, మూసేయడానికి. అంగడి వేరేవాళ్ళకు అప్పగించి, నన్ను కృష్ణగిరిలో మేనత్త దగ్గర వదిలి, తాను ఏదో ఫ్యాక్టరీలో పనికి పోవాలని అనుకుంటున్నాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఎస్టీడీ బూత్‌లో మేనత్తతో మాట్లాడుతుంటే నేనే విన్నాను. ఆ రోజు నుంచి బడిలో కూడా నాకు ఎవరితోనూ ఆడాలనిపించలేదు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున అక్క వచ్చింది. మంచు ఇంకా విడవలేదు. నేను నాయన తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. నాయన పాత కాగితాలు ఆమె ముందు పెట్టి, "సరుకు పోయినేడు రాసినట్టే రాసెయ్యమ్మా, మారిందేమీ లేదు" అన్నాడు.

"చూడకుండా నేను రాయలేనన్నా, తప్పుగా అనుకోవద్దు. అంగడి ఇంకొకరికి ఇచ్చేకైనా, నువ్వే నడిపేకైనా, ముందు ఈడ ఏముండాదో తెలియాల గదా" అంది అక్క. కొంగు నడుముకు దోపుకుని కింది అర నుంచి మొదలుపెట్టింది.

మడతలన్నీ విప్పించింది. నేను తీసి అందిస్తే, ఆమె వెలుతురులో పట్టి చూసి మూడు కుప్పలు వేసింది. ఇప్పుడున్న ధరకు పోయేవి ఒకటి, ధర తగ్గిస్తే పోయేవి ఒకటి, ఇక పోనివి ఒకటి. మడత దగ్గర రంగు వెలిసిన లంగాలు మూడో కుప్పలో పడితే నాయన తట్టుకోలేక, వాటిని ఎంతకు కొన్నారో చెప్పాడు. అక్క మెల్లగా అంది: "కొన్న ధర నీకు గుర్తుంటాదన్నా. కొనేవాళ్ళకు దాంతో పనేముంది? ఈ పొద్దు ఎంతకు పోతుందో అంతే దాని విలువ. అంతకన్నా ఎక్కువ రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు." ఈ మాట అర్థమయ్యే వయసు కాదు నాది. ఆమె చెప్పిన తీరులో మందలింపు లేదని మాత్రం తెలిసింది.

చివరికి స్టూలెక్కి పై అర అందుకోబోయింది. "దాన్ని వదిలెయ్యమ్మా" అన్నాడు నాయన. నాకు తెలిసిన గొంతే అది. ఇప్పుడు ఆమె కూడా వెళ్ళిపోతుంది, అంగడి మూతపడుతుంది అనుకున్నాను.

అక్క వాదించలేదు. కిందికి దిగి, చేతులు తుడుచుకుని, నాయన ఎదురుగా కూర్చుంది. "ఎవరు తెచ్చిన సరుకన్నా అది?" అని అడిగింది.

నాయన గల్లాపెట్టె తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. అక్క మళ్ళీ అడగలేదు, కాగితాల వైపు తిరగనూ లేదు. ఊరికే కూర్చుంది. తరవాత నాయన, "పాప వాళ్ళమ్మ" అన్నాడు. ఆ రెండు మాటలు బయటపడ్డాక మిగిలినవి వాటంతట అవే వచ్చాయి.

చలికాలం పొద్దుల్లో మా అమ్మ అంగడి మెట్ల మీద నిలబడి, బస్సులు దిగేవాళ్ళను చూసేదట. సేలం వైపు నుంచి, వేలూరు వైపు నుంచి ఫ్యాక్టరీ పనికని వచ్చే పిల్లకాయలు పలచని చొక్కాలతో దిగి, చంకల్లో చేతులు పెట్టుకుని వణుకుతూ నిలబడేవాళ్ళట. వాళ్ళ ఊళ్ళలో ఇంత చలి ఉండదు, ఇక్కడికొచ్చి దిగినాకే వాళ్ళకు తెలుస్తుంది, అప్పుడు కళ్ళ ముందు మన అంగడే కనపడాలి అనేదట అమ్మ. నాయన వద్దన్నాడు. మన అంగట్లో స్వెటర్లు ఎవరు కొంటారని గొడవపడ్డాడు. ఆమె వినకుండా బెంగుళూరు పోయి పెద్ద మూట తెచ్చింది. చలి మొదలు కాకముందే మంచం పట్టింది.

"అమ్ముడుపోతే ఆమె మాటే నిజమని చెప్పేకి ఆమె లేదు. పోకుంటే, ఆమెది తప్పని నేను తేల్చినట్టయితాది. అందుకే విప్పలేదమ్మా" అన్నాడు నాయన.

రెండేళ్ళలో ఆయన నోట అన్ని మాటలు నేను వినలేదు. అమ్మంటే నాకు అప్పటిదాకా ఒక ఒడి, కొబ్బరినూనె వాసన, అంతే. ముక్కూ మొహం తెలియని వాళ్ళ చలి గురించి ఆలోచించిన మనిషని ఆ పొద్దే తెలిసింది.

అక్క నీతులు చెప్పలేదు. "విప్పాల్సింది నువ్వేనన్నా. ఈ పొద్దు కాకుంటే ఇంకో ఆదివారం వస్తాను" అంది. నాయన లేచి, తానే మూట దించి, కత్తెరతో కుట్లు తెంచాడు. కలరా ఉండల ఘాటు అంగడంతా కమ్ముకుంది. ఒక మూల ఎలుకలు కొరికాయి గానీ సరుకు చాలావరకు బాగానే ఉంది. పెద్దవాళ్ళవాటి మధ్య కొన్ని పిల్లల సైజులూ ఉన్నాయి. ఎర్రదొకటి తీసి అక్క నాకు తొడిగింది. చేతులు మణికట్టుకు చాలా పైనే ఆగిపోయాయి. నాయన దగ్గరికి వచ్చి ఆ చేతిని కిందికి లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. "ఎంత పెరిగినావు పాపా" అన్నాడు. గబగబా బయటికి పోయి, మెట్ల మీద మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను వెంట పోబోతే అక్క ఆపింది. ఆయన లోపలికి వచ్చేదాకా ఇద్దరం స్వెటర్లు మడతపెడుతూ కూర్చున్నాం.

మరుసటి పొద్దున నాయన అంగడి ముందు తాడు కట్టి స్వెటర్లు వేలాడదీశాడు. నేను బడికి పోయేలోపే ఒక అబ్బాయి ఆగాడు. చేతిలో రెక్సిన్ సంచి, మాట్లాడుతుంటే పళ్ళు టకటకమంటున్నాయి. అరవంలో ధర అడిగి, రెండు మాటలు బేరమాడి, అక్కడే తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నాయన ఆ అబ్బాయి సందు మలుపు తిరిగేదాకా చూశాడు. అమ్మ లెక్క తప్పలేదు. చలి విడిచేలోపు మూట అయిపోయింది. అంగడి మూతపడలేదు, నేను కృష్ణగిరి పోలేదు.

అయినా పై అర ఖాళీ అయిన రోజు నేను మూలన కూర్చుని ఏడ్చాను. అమ్మ రెండోసారి పోయినట్టుంది. నాయన ఓదార్చలేదు, ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. నా పక్కన కూర్చుని, "రేపు బెంగుళూరు పోవాల, నువ్వూ రా. మీ అమ్మయితే ఏం తెచ్చుండునో ఇద్దరం చూస్తాం" అన్నాడు. అమ్మ ఊసు మా ఇద్దరి మాటల్లోకి వచ్చింది అప్పుడే. ఆ తరవాత మళ్ళీ మా మాటల్లోంచి పోలేదు.

అక్కకు వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చి ఇల్లు ఖాళీ చేసింది. ఎక్కడుందో నాకు తెలియదు. నాయనా లేడు, ఆ అంగట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. నా తలా నెరిసింది. ఇదే ఊళ్ళో ఒంటరిగా ఉంటూ చిన్న అంగళ్ళకు లెక్కలు రాస్తున్నాను. సరుకు కళ్ళారా చూడకుండా ఒక్క అంకె కూడా వేయకూడదని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెబుతాను. అది వాళ్ళకు త్వరగానే వస్తుంది. ఏ అంగట్లోనైనా ఒక అర దగ్గర యజమాని గొంతు మారినప్పుడు ఏం చేయాలో నేర్పడం మాత్రం నాకు చేతకాదు. నేనైతే కలం పక్కన పెట్టి, ఆ సరుకు ఎవరు తెచ్చారని అడుగుతాను. ఆ తరవాత ఎంతసేపైనా కూర్చుంటాను. ఇంట్లో నా కోసం ఎదురుచూసే వాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నాకు తొందర ఉండదు. ఒంటరితనం నాకు మిగిల్చిన తీరిక అది. దాన్ని అలా ఖర్చుపెట్టవచ్చని ఆ ఆదివారమే నాకు తెలిసింది.