అవ్వ ఇంటి ఎర్త్ గుంత

కదిరిలో నేను అద్దెకున్న ఇల్లు ఒక పెద్దావిడది. పొలం కౌలుకిచ్చి, కింది వాటాలో తానుంటూ పైన రెండు గదులు నాకిచ్చింది. నేను అవ్వా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. రోజూ బస్సులో ఒక పల్లె హైస్కూలుకు వెళ్లి భౌతికశాస్త్రం చెప్పి వచ్చేదాన్ని. నాకు ఫ్రిజ్ లేదు. పెరుగూ పూలూ ఆమె ఫ్రిజ్‌లోనే పెట్టుకునేదాన్ని.

మే నెలలో ఒక ఆదివారం బట్టలు ఉతికి, తడి చేతులతో, ఉత్త కాళ్లతో ఆ ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాను. మోచేతి దాకా జివ్వుమంది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. 

అవ్వ చెనక్కాయలు వలుస్తూ తలెత్తి చూసింది. "చెక్క మీద నిలబడలేదా టీచరమ్మా?" అంది.

ఫ్రిజ్ ముందు ఒక చెక్కపలక ఎప్పుడూ ఉండేది. మోకాళ్ల నొప్పులకు చల్లటి గచ్చు పడక వేసుకుందనుకున్నాను. దాన్ని చాలాసార్లు కాలితో పక్కకు జరిపాను కూడా.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లా, అవ్వా?"

"పోయిన ఎండాకాలం నుంచి. వానలు పడితే అంతగా తెలీదు. ఎండలు ముదిరితే జుమ్మంటాది. నాకు అలవాటైపోయినాది."

నాకు సిగ్గేసింది. ఏడాదిగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను, ఎప్పుడూ అడగలేదు. ఆమె పక్కన కూర్చుని, బడిలో చెప్పినట్టే చెప్పాను. మేడ మీద ట్యాంకులో నీళ్లు ఎత్తున ఉంటాయి కాబట్టే కుళాయిలోకి దూకుతాయి. కరెంటుకీ అలాంటి ఎత్తు ఒకటుంది, దాన్ని పొటెన్షియల్ అంటారు. భూమిని సున్నా అనుకుంటాం. ఫ్రిజ్ ఒళ్లు ఎత్తులో ఉంది, నా కాళ్లు నేల మీదున్నాయి, మధ్యలో నేను దారినయ్యాను. ఆ ఎత్తును దించడానికే ఎర్త్ వైరు పెట్టి, పెరట్లో గుంత తీసి భూమిలోకి దింపుతారు.

ఆమె శ్రద్ధగా విన్నది. "మరి ఆ వైరుండి కూడా ఎందుకు దించలా?" అని అడిగింది.

 అన్నేళ్లుగా భూమి సున్నా అని నల్లబల్ల మీద రాస్తూ వచ్చాను. అది ఏ భూమో ఎన్నడూ ఆలోచించలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫ్రిజ్ వెనక వైరును ఎలుక కొరికింది. దాన్ని మార్చేశాడు. పని అయిపోయిందనుకున్నాను. అతను మాత్రం పెరట్లోకి నడిచి, ఎర్త్ గుంత మీది మూత తీశాడు. లోపలి మట్టి కొలిమిలో కాల్చినట్టు గట్టిపడి ఉంది. లైన్ వైరుకూ ఎర్త్ వైరుకూ మధ్య ఒక బల్బు తగిలిస్తే, అది సరిగా వెలగలేదు, లోపలి తీగె మాత్రం ఎర్రగా కనిపించింది.

"చూసినారా మేడమ్, నేల ఎండిపోయినాది. కరెంటును లోపలికి తీసుకోవడం ల్యా. ఈ వైరు మారిస్తే చాలదు, రేపు మోటారులోనో మిక్సీలోనో మళ్లీ షాక్ వస్తాది. ఉప్పూ బొగ్గులూ వేసి, వారానికి రెండు బిందెల నీళ్లు పోయాల."

అవ్వకు కోపమొచ్చింది. "ఏమప్పా, తాగే నీళ్లకు ట్యాంకరు కోసం కాచుకోనుండాం. గుంతకు యాడ్నుంచి తెచ్చి పోసేది?"

అతను నా వైపు చూశాడు.  అవ్వే మళ్లీ అడిగింది. "ఉప్పెందుకు?"

ఇది నాకు తెలిసిన విషయమే. ఉప్పు నీళ్లలో కరిగితే రెండు రకాల పరమాణువులుగా విడిపోతుందనీ, ఒకటి తన ఎలక్ట్రానును ముందే పోగొట్టుకున్నదనీ, రెండోది దాన్ని తీసుకున్నదనీ, అందుకే వాటికి విద్యుదావేశం ఉంటుందనీ, కరెంటును మట్టిలో మోసేవి అవేననీ చెప్పాను. పొడి ఉప్పులో అవి కదల్లేవు, తడి కావాలి అన్నాను.

"ఉప్పు తేలిన చౌడు నేల మాదిరన్నమాట. మా చేని కింద కొంచెం చౌడుండాది. పక్కన నేల పగుళ్లిచ్చినా, ఆడ తెల్లార్తో కాలు పెడితే చెమ్మ తగుల్తాది," అంది. తర్వాత లేచి, ఇంటి పక్క స్నానం నీళ్లు పోయే మోరీ దగ్గరికి వెళ్లి నిలబడింది. "ఈడ ఎప్పుడూ తడే కదా. గుంత ఈడ తీస్తే పోలా?"

ఎలక్ట్రీషియన్ వచ్చి అక్కడి మట్టిని కాలితో నొక్కి చూశాడు. "పోతాదవ్వా. వైరు పది అడుగులు ఎక్కువ పడతాది, అంతే."

పరమాణువుల కథంతా చెప్పిన నాకు ఆ మోరీ గుర్తు రాలేదు. రోజూ దానిలోకే నీళ్లు పోస్తున్నాను.

రెండు రోజుల్లో అక్కడ గుంత తవ్వి, రాడ్డు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గులూ నింపారు. అవ్వ ఒక బకెట్టు స్నానం నీళ్లు పట్టి ఉంచి, తానే పోసింది. నీళ్లు ఇంకాక అతను బల్బు తగిలించాడు. పట్టపగలు కూడా కళ్లు మూసుకోవాల్సినంత వెలిగింది.

"ఇప్పుడు దించుతాందా?" అని అడిగింది అవ్వ.

"దించుతాంది," అన్నాను.

జూన్‌లో బడి తెరిచాక పదో తరగతికి ఇదంతా చెప్పాను. ఒకమ్మాయి లేచి, "మన బడికి ఎర్త్ యాడుండాది, మేడమ్?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అందరం కలిసి వెతకడానికి బయటికి వెళ్లాం. మెయిన్ బోర్డు నుంచి దిగిన వైరును పట్టుకుని గోడ వెంబడే నడిచాం. ఆఫీసు గది వెనక, కంప చెట్ల మధ్య, అది ఏ గుంతలోకీ దిగకుండా గాలిలో వేలాడుతోంది. ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టరును పిలుచుకొచ్చి చూపించాం. వారం తిరక్కుండా గుంత తవ్వే పని మొదలైంది.