జడకు దారిచ్చిన టోపీ

వదినా, మనవరాలి జడ కత్తిరిస్తే టోపీ పడుతుందని నిన్న మన ఇంటివాళ్ల గ్రూపులో రాశావు. కత్తిరించవలసింది జడను కాదు, టోపీని.

ఎండలో సైకిల్ మీద కాలేజీకి వెళ్లే మా శ్రావణి, జడ చుట్టిన ముడి మీద టోపీ నిలవడం లేదని, ఇవాళ జుట్టు కత్తిరించుకుంటానని భీష్మించింది. పొద్దున్నే దాన్ని అంబాజీపేటలో తాటాకు టోపీలు అల్లే సత్తెమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అల్లిన టోపీకే వెనక జడకు దారి, పైన గాలికి సందులు పెట్టమన్నాను.

"ఆయ్, జడ దూరుద్దండి. మరి పూలెట్టుకున్న రోజు ఎలాగండీ, అమ్మగారూ?" అంది సత్తెమ్మ.

ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన నాకు ఆ కొలత తట్టలేదు. కనకాంబరాలు తురిమి మళ్లీ కొలిపించాను.

సాయంత్రం శ్రావణి చెమట పట్టని తలతో వచ్చింది, కత్తెర మాట ఎత్తలేదు. గ్రూపులో ఇలాంటిది ఇంకెవరికి కావాలో చెప్పండి.

వదినా, నీకూ చేయిస్తాను. రేపు నీ ముడి చుట్టుకొలత దారంతో తీసి పట్టుకురా. సవరం విప్పి కొలువు.