నాయన పొడుగు ప్రార్థన

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. మార్కాపురంలో నర్సుగా కొత్తగా చేరాను, నేల మీద నడిచేదాన్ని కాదు. సరిగ్గా అప్పుడే మా నాయన కిడ్నీలు బలహీనపడ్డాయని తేలింది. పుల్లలచెరువు పక్క పల్లెలో సజ్జ రొట్టె తిని పెరిగిన మనిషిని పట్టుకుని డాక్టరు గారు, "సజ్జలు, రాగులు, కొర్రలు మీకు వద్దు. వాటిలో పొటాషియం, భాస్వరం ఎక్కువ. తెల్లన్నమే కొలిచి తినండి" అన్నారు. నాయన ముఖం వెలిగిపోయింది. "ఏంది సార్, పట్నమోళ్లంతా కొర్రలని ఎగబడతా ఉంటే నన్ను వరన్నం తినమంటా ఉండారే! చిన్నప్పుడు క్రిస్మస్‌కు గానీ దొరికేది కాదు. ఇంక పూటపూటకీ పండగేనా?" అన్నాడు.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. నేను గిన్నెతో కొలిచి అన్నం పెట్టేదాన్ని (దానికి నాయన పెట్టిన పేరు జైలు గిన్నె). అమ్మ తన కోసం సజ్జ రొట్టె కాల్చుకుంటే ఆ వాసనకే ఆయన కాళ్లు పొయ్యి వైపు నడిచేవి, నేను అడ్డం నిలబడేదాన్ని. ఇంత కాపలా కాసినా తర్వాతి రక్తపరీక్షలో పొటాషియం పెరిగింది. "ఇట్లాగే ఉంటే డయాలసిస్ తప్పదు. ఇంట్లో నర్సు ఉండి ఏం లాభం?" అన్నారు డాక్టరు గారు. నాకు తల కొట్టేసినట్టయింది. అంతకు మించి భయం వేసింది.

జబ్బు చేసినప్పటి నుంచి తిండి కాక ఇంట్లో మారింది ఒక్కటే, భోజనం ముందు నాయన చేసే ప్రార్థన. ఇదివరకు రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ఇప్పుడు కొమరోలు చుట్టాలు, పాస్టరు గారి మోకాలి నొప్పి, మా బర్రె, బోరులో నీళ్లు, ఎవరినీ వదిలేవాడు కాదు. దేవుడికి దగ్గరయ్యాడని నేను మురిసిపోయాను. ఒక ఆదివారం కూర చల్లారిపోతోందని పాపభయం లేకుండా ఒక కన్ను తెరిచాను. నాయన రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి! నోరు "వానలు కురిపించు ప్రభువా" అంటూనే ఉంది, చెయ్యి అమ్మ పళ్లెంలో రొట్టె తుంచి తన అన్నం కింద దాస్తోంది.

"నాయనా!" అని అరిచాను.

"ప్రార్థనలో కండ్లు తెరిస్తే పాపం కదమ్మా" అన్నాడు తొణక్కుండా.

"నిన్ను డయాలసిస్ మిషనుకు కట్టేస్తారు నాయనా" అని నేను భోరుమన్నాను. ఆయన ఆ ముక్క తీసి అమ్మ పళ్లెంలో పెట్టేశాడు. మర్నాటి నుంచి ప్రార్థన నా చేతుల్లోకి వచ్చింది. "స్తోత్రం ప్రభువా, ఆమెన్." అంతే.

"ఏంది తల్లీ, దేవునికి గూడా కొలిచే పెడతా ఉండావే?" అన్నాడు నాయన.

తర్వాత పరీక్షల్లో పొటాషియం దిగింది. ఆదివారం ఆదివారం చిన్న రొట్టె ముక్క తినొచ్చని డాక్టరు గారే ఒప్పుకున్నారు. ఆ ముక్కను నాయన అరగంట నమిలేవాడు.

ఇన్నేళ్లకు నాకు షుగరు వచ్చింది. అన్నం తగ్గించి సజ్జ రొట్టె తినమన్నారు (నవ్వకండి). నిన్న పక్కనే నాయన పళ్లెంలో తెల్లన్నం పొగలు కక్కుతుంటే నా ప్రార్థన ఎందుకో సాగింది. బర్రె అయిపోయి వానల దాకా వచ్చాను. ఆనాటి కాపలా పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఏమంటుందోనని నవ్వుకుంటూ ఒక కన్ను తెరిచి, మెల్లగా చెయ్యి చాపాను. నాయన రెండు కళ్లూ నా మీదే ఉన్నాయి.

"ఆమెన్!" అన్నాడు గట్టిగా.