కొయ్యకుక్క చెవి

ఆర్డెన్ అడవుల నడుమ ఉన్న ఆ ఊళ్లో అదెలీన్ కాల్చిన రొట్టె తినని మనిషి లేడు, కుక్కా లేదు. నవంబరులో వేటగాళ్ల దేవుడు పునీత హుబెర్ పండగొస్తే ఆవిడకు పొయ్యి ముందు నుంచి లేవడానికి తీరేది కాదు. చర్చిలో బూరలు ఊది, దీవించిన ఆ చిన్న రొట్టెలు ఊరి కుక్కలన్నిటికీ తలో ముక్క పెడితే ఏడాది పొడుగునా వాటికి పిచ్చెక్కదని నమ్మకం. ఆ రోజు జనమంతా వరసకట్టి, హుబెర్ కొయ్యబొమ్మ కాళ్ల దగ్గరున్న కొయ్యకుక్క ముక్కు తడిమి వచ్చేవారు. అదెలీన్ మాత్రం గంపలు గుమ్మంలోనే దించి, అటు కన్నెత్తి చూడకుండా ఇంటిదారి పట్టేది.

ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆ కొయ్యకుక్కకు సొంత రంగంటూ ఉండేది కాదు. ఏ ఏడు ఏ మంచి కుక్క పోతే దాని రంగు, దాని మచ్చలు కొయ్యకుక్కకు వేయడం తాతలనాటి ఆనవాయితీ. అప్పట్లో వేసేవాడు నెస్తోర్. చర్చిలో గంట కొట్టేదీ అతనే, అడవికి కాపలా కాసేదీ అతనే. అదెలీన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె కుక్క తాంబూర్‌ను పిచ్చినక్క కరిచింది. కరిచిన కుక్కల్ని కాల్చెయ్యమని పైవాళ్ల ఉత్తర్వు. తుపాకీ పట్టుకుని వాకిట్లోకొచ్చినవాడు నెస్తోరే.

పోనీ, కొయ్యకుక్క మీదైనా తాంబూర్ కనిపిస్తుందేమోనని పిల్ల ఆశపడింది. పిచ్చి తగ్గించే హుబెర్ కాళ్ల దగ్గర పిచ్చినక్క కరిచిన కుక్కేమిటన్నాడు ఫాదరు. ఆ ఏడు కొయ్యకుక్క మేయరుగారి సుల్తాన్ అయిందని జనం చెప్పగా విన్నదే గాని, అదెలీన్ వెళ్లి చూడలేదు. నెస్తోర్‌తో మాటా మానేసింది. అతను రొట్టెకొస్తే చేతిలో పెట్టేది, అంతే. అతను పోయినప్పుడూ ఆ పట్టు వదల్లేదు. మహా మొండిఘటం.

మొన్న బొమ్మకు పురుగు పట్టిందని, రంగులన్నీ తీసి తొలి రంగు బయటపెట్టమని ఒడిల్ అనే అమ్మాయిని పిలిపించారు. దూదితో, సన్నకత్తితో ఆమె ఒక్కో పొరా లేపుతుంటే వెనకటి కుక్కలు ఒకటొకటే లేచొచ్చాయి. ఊరు ఊరంతా చర్చిలోనే కాపురం పెట్టింది. ముసలి వేటగాడు ఫెర్నాన్ ఒక్కోదాని పేరూ, అది ఎవరింట్లో మాంసం ఎత్తుకుపోయిందో కూడా చెప్పేవాడు. అదెలీన్ ఎంతని బిగబట్టుకుంటుంది? అమ్మాయికి వేడిరొట్టె ఇచ్చే వంకతో రోజూ రాసాగింది. నెస్తోర్ ఫాదరు మాటే విన్నాడా, లేక ఆమె తాంబూర్‌ను ఎక్కడైనా నిలిపాడా? అది తేలేదాకా ఆమెకు నిద్ర లేదు.

ఒకనాడు ముదురు గోధుమరంగు బయటపడింది. "సుల్తానే," అన్నాడు ఫెర్నాన్. అదెలీన్ గంప చంకనెత్తుకుంది. ఇంత వయసొచ్చీ ఆశపడినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

"అమ్మా, ఒక్కసారి ఇటు రండి," అని ఒడిల్ పిలిచింది. కుక్క రెండో చెవి హుబెర్ బూటుకు ఆనుకుని ఉంటుంది. మామూలుగా ఎవరికీ కనపడదు. ఆమె ఆ సందులో చిన్న అద్దం పెట్టి చూపించింది. చెవి తెల్లగా ఉంది. కొసన, తాంబూర్ చెవికి పిల్లి చీల్చిన గాటు కూడా గీసి ఉంది.

"సుల్తాన్‌కు ఒంటిమీద తెల్ల వెంట్రుక ఒక్కటుంటే ఒట్టు," అన్నాడు ఫెర్నాన్, గొంతు తగ్గించి.

"ఇంకో సంగతి," అంది ఒడిల్. "ఒళ్లంతా ఇన్ని రంగులు మారాయి గాని, ఈ తెలుపు వేశాక ఈ చెవి మీద మళ్లీ కుంచె పెట్టలేదండీ."

అదెలీన్ గంప కింద దించి అద్దం మీదికి వంగింది. "నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా!" అంది.

"నువ్వు పలికితేగా," అన్నాడు ఫెర్నాన్.

కింద పొరలు కూడా తీయాలని, ఆ చెవి పోతుందని ఒడిల్ నసిగింది. తీసెయ్యమంది అదెలీన్, ఆ కిందున్న కుక్క కోసం కూడా ఎవరో ఏడ్చే ఉంటారంది. కొయ్యకుక్క ముక్కు మొదటిసారి తడిమింది. చర్చి వెనక సమాధుల్లోకి నడిచి, నెస్తోర్ రాయి ముందు ఆగింది.

"నెస్తోర్ గారూ," అంది. "చెవి బాగా కుదిరింది."