ఊకమంట ఆరనివ్వలేదు

తొంభైల తొలినాళ్లలో మిర్యాలగూడలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ బాధ్యత నాది. సూర్యాపేటలో చదువుకుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ పొంది ఆ పనిలో చేరినవాణ్ణి.

నానిన వడ్లకు తెల్లవారగానే ఒక విడత ఆవిరి పట్టాలి. భోజనాలయ్యాక రెండో విడత. ఆ రెంటి నడుమ బాయిలర్‌కు పని ఉండదు. పని లేదు కదా అని మంట ఆర్పేయడం చాలా మిల్లుల అలవాటు. నేను ఆర్పనిచ్చేవాణ్ణి కాను. చల్లారిన బాయిలర్‌లో తిరిగి ఆవిరి పుట్టించడానికి ఒక పూట పడుతుంది. పైగా మాటిమాటికీ వేడెక్కి చల్లారితే గొట్టాల అతుకులు వదులవుతాయి. అందుచేత గాలి తగ్గించి, కొద్దికొద్దిగా ఊక వేయిస్తూ, మంటను బతికించి ఉంచేవాణ్ణి. నీటిమట్టం చూపే గాజుగొట్టం చూడకుండా ఆవిరి వదిలే చక్రం మీద ఎవరూ చేయి వేయరాదన్నది నా నియమం. యజమానికైనా అదే నియమం.

మా సేటుకు ఈ ఊక ఖర్చు నచ్చేది కాదు. రోడ్డుకు అవతలి మిల్లు ఆయన బావది. ఆ బావ కోదాడ మనిషి, వేళాకోళం ఎక్కువ.

"ఏం బామ్మర్దీ, వడ్లు లేకపోయినా మీ సారు పొయ్యికి ఊక తినిపిస్తున్నాడా? పొగ చూసి భోజనాలనుకుని జనం విస్తళ్లు పట్టుకుని వస్తారయ్యా."

"నేను చెప్తే ఇంటడా బావా? ఆ చక్రం ముట్టుకుంటే నన్నే బయటికి పంపిస్తడు," అనేవాడు సేటు.

ఒక ఏడాది యాసంగి పంట వడ్లు దిగుతున్న రోజుల్లో, మేము విరామంలో ఉండగా ఆ బావ చెప్పులైనా లేకుండా మా బాయిలర్ గదికి వచ్చాడు. తన బాయిలర్ గొట్టం కారి మంట ఆరిపోయిందట. తొట్ల నిండా నానిన వడ్లున్నాయి. ఇంకొక పూట నీళ్లలో ఉంటే పులిసి వాసన వస్తాయి; ఆ బియ్యాన్ని ఎవరూ కొనరు. ఆ ఏటికి అదే ఆయన తొలి సరుకు.

"ఆవిరి రావడానికి ఎంతసేపు పడుతుంది సారూ?"

"మంట ఉంది. ఊక పెంచితే టీ తాగేలోపు వస్తుంది. వడ్లు తెప్పించండి. మా రెండో విడత మాత్రం ఆలస్యం కారాదు."

"టీ సంగతి నేను జూస్త గని, నువ్వు ముందు ట్రాక్టర్లు తోలు," అన్నాడు అక్కడే ఉన్న సేటు. "విస్తరి గూడ తెచ్చుకున్నవా బావా?"

ఆయన ట్రాక్టర్ల కోసం పరుగెత్తాడు.

వడ్లు నీళ్లు కారుతూ వచ్చాయి. తొట్టి తర్వాత తొట్టికి ఆవిరి పట్టాం. ఒత్తిడి ముల్లు నేను నిర్ణయించిన గీత దాటలేదు. భోజనాల వేళకు ఆయన వడ్లన్నీ కళ్లంలో ఆరుతున్నాయి. గుప్పెడు తీసి, నలిపి, వాసన చూసి, తృప్తిగా తల ఊపాడు. మా రెండో విడత సకాలంలోనే మొదలైంది. ఆనాటి పనిని తలచుకుంటే నాకు నేటికీ గర్వమే.

మరమ్మతయ్యాక ఆ బావ తన బాయిలర్ చూసి పొమ్మని నన్ను పిలిచాడు. వేళ కాని వేళ, వడ్లు లేవు, అయినా పొయ్యిలో ఊక సన్నగా మండుతోంది. ఆయన చక్రం వైపు చేయి చాచి, ఆగి, వంగి గాజుగొట్టం చూశాడు.

"నీళ్లున్నాయి సారూ. తిప్పమంటారా?"

తిప్పమన్నాను.