చప్పట్ల దీపం

సైన్సు పోటీలకు వాలంటీరుగా ఎందుకు వెళ్తావని మా ఇంట్లో ఏటా అడుగుతారు. దక్కేది ఒక టోపీ, రెండు సమోసాలు. నేను మాత్రం అక్కడ ఏటా వాలంటీరుగా పనిచేసే ఒక పెద్దాయన్ని చూసి చేరాను. స్టీల్ ప్లాంటులో ఇంజనీరుగా రిటైరై, స్మృతి నగర్‌లో మా వెనక వీధిలో ఉండేవారు. బహుమతులిచ్చేటప్పుడు హాలు చివర గోడవారగా నిలబడేవారు. ఎవరి పేరు పిలిచినా ముందు ఆయన చప్పట్లే వినిపించేవి. "పిల్లలు స్టేజీ ఎక్కీటప్పుడు హాలు మూగగా ఉండకూడదమ్మా" అనేవారు.

ఆయన ఈ వేసవిలో పోయారు. ఆయన పేరున జ్ఞాపిక ఇస్తామని నిర్వాహకులు ఆయన భార్యను పిలిచారు. ఆవిడను నేనే పొద్దున వెంటబెట్టుకుని వచ్చాను.

"ఆయన అందరికీ కొట్టీవారు కదమ్మా. ఇవాళ ఆయనకి హాలంతా కొడితే చూద్దామని వచ్చేను. లేపోతే ఇంట్లోంచి కదుల్దునేటి?" అన్నారు దారిలో.

ఆయన నిలబడే చోట ఈసారి ఒక బల్ల వేశాం. పక్కూరు కుమ్హారి నుంచి పోటీకి వచ్చిన అమ్మాయి దాని మీద తన నమూనా, చిన్న కరెంటు దీపం పెట్టింది. తీగలు బిగించడంలో నేనూ ఒక చెయ్యి వేశాను. "దీదీ, తాలీ బజాయియే" అంది. చప్పట్లు కొట్టాను, వెలిగింది. మళ్ళీ కొట్టాను, ఆరింది. పక్కన కుర్చీ దబ్బున పడినా, మైకు కీచుమన్నా దీపం ఉలకలేదు. ఆవిడ పక్కనే కూర్చుని చిన్నపిల్లలా నవ్వారు.

వాలంటీర్ల సన్మానం ఎప్పుడూ ఆఖరునే పెడతారు. ఎంత మొత్తుకున్నా వినరు, నాకు ఒళ్ళు మండిపోతుంది. ముఖ్య అతిథి ప్రసంగం సాగీ సాగీ, బయట బస్సులు హారన్లు మోగించాయి. నమూనాలు మర్నాడు తీసుకెళ్ళొచ్చని బల్లల మీదే వదిలేసి పిల్లలూ టీచర్లూ పరుగెత్తారు. ఆయన పేరు పిలిచేసరికి అన్నీ ఖాళీ కుర్చీలే.

నేను మోచెయ్యి పట్టుకుని ఆవిడను స్టేజీ ఎక్కించాను. ముఖ్య అతిథి చేతుల్లో జ్ఞాపిక, పేరు పిలిచినాయన చేతుల్లో మైకూ కాగితాలూ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ ఆ కుర్చీలన్నిటినీ ఒకసారి చూసి తల దించుకున్నారు.

అప్పుడు హాలు చివర దీపం వెలిగింది.

మాకెవరికీ ఏ చప్పుడూ వినిపించలేదు. ఏదో తీగ వదులై ఉంటుందనుకున్నాను. అయినా భయంతో పాటు ఏడుపూ వచ్చింది. ఆ నిశ్శబ్దం భరించలేక, నేనైనా కొడదామని రెండు చేతులూ ఎత్తాను.

ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. కళ్ళు ఆ గోడవార దీపం మీదే ఉన్నాయి.

"కొట్టకమ్మా," అన్నారు. "ఆరిపోద్ది."