కిటికీ ఎవరు మూసిండ్రు

మా వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా మా తోటికోడలి వంటింటి కిటికీ. మధ్యన చెయ్యి చాపితే అందేంత సందు. భివండి కామత్‌ఘర్‌లో అన్నదమ్ములిద్దరూ ఇంటిని రెండు భాగాలు చేసుకున్నప్పుడు, కూరగిన్నెలు చేతులు మారుతూ ఉండాలని మా అత్తగారు పట్టుబట్టి ఆ కిటికీలను ఎదురెదురుగా పెట్టించింది. ఆవిడ కోరిక తీరింది, గిన్నెలు మారుతూనే ఉన్నాయి. కాకపోతే నేను పంపిన కూరను అవతలి ఇంట్లో మర్యాదకు తింటారు, ఆమె పంపిన కూర గిన్నెను మా ఇంట్లో వేలు పెట్టి నాకుతారు. నా కడుపుమంట అక్కడ మొదలైందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆమె భివండిలోనే పుట్టింది, మరాఠీలో చదువుకుంది, గల్లీ పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. నేను కరీంనగర్ వైపు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. తెలుగులో పదో తరగతి దాకా చదివాను. ఆ చదువు ఇక్కడ బస్సు మీద రాసిన ఊరిపేరు చదవడానికి కూడా పనికిరాలేదు. ఆమెకు పిల్లలు కలగలేదు. అందుకని ఏ కాగితమూ లేకుండానే ఇంట్లో అందరూ కలిసి నా కూతుర్ని సగం ఆమెకు రాసిచ్చేశారు. పాపం అనుకోవాలి కదా! అనుకున్నాను, మొదట్లో. నా పిల్ల జడ వేయించుకోవడానికి కూడా ఆ ఇంటికే పోవడం మొదలుపెట్టాక ఆ జాలి ఎటు పోయిందో నాకే తెలియదు.

నిరుటి ఎండాకాలంలో ఆ మంటకు ఇంకో మంట తోడైంది. ఎండలు ఎంత ముదిరాయంటే ఊళ్ళో ఇంకో మాట లేదు. షేర్ రిక్షాలో అదే, నూలు దుకాణం అరుగు మీద అదే, చాయ్ బండి దగ్గర అదే. కోటు వేసుకున్న ఒకాయన ఫోన్‌లో కనబడి, భూమి వేడెక్కడం కొత్త కాదు, అది ప్రకృతి తిప్పే చక్రం అనేవాడు. కింద ఇంకో వీడియోలో ఇంకో కోటు ఆయన, ఇదంతా మనం కాల్చే బొగ్గూ డీజిలూ చేసిన పని అనేవాడు. మా ఆయన మొదటి కోటు పక్షం. ఆ వీడియోను చుట్టాలందరికీ పంపించాడు. మా అత్తగారు ఏ కోటునూ నమ్మలేదు. లోకంలో పాపం పెరిగిందని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మే ఒకటిన, మహారాష్ట్ర దినం నాడు, మా గల్లీ మండలి వాళ్ళు ఏటా మండపం వేసి పోటీలు పెడతారు. ఆ ఏడు ముగ్గులూ పాటలూ కాకుండా వాదవివాద పోటీ పెట్టారు. ఎండలు ముదరడానికి కారణం మనిషా, ప్రకృతా? మరాఠీ, హిందీ, తెలుగు, ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు. నా కూతురు పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. పేరిచ్చింది. ఇచ్చిన సంగతి నాకు కిటికీలోంచి తెలిసింది. అవతల వంటింట్లో పిన్నీ కూతురూ తలలు దగ్గరపెట్టి కూర్చున్నారు. మనిషే కారణం అన్న పక్షం తీసుకుందామని ఆమె చెబుతోంది, నా పిల్ల తలూపుతోంది.

ఆ క్షణం నుంచి నేను ప్రకృతి పక్షం.

నాకు ఆ వాదం మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. నూలుకు గంజి పట్టే సైజింగ్ మిల్లు చిమ్నీ మా డాబాకు ఎదురుగానే ఉంది. ఆరేసిన తెల్లచీర మీద మసి ఎవరి పుణ్యమో నాకు తెలుసు. కానీ ఆమె సూర్యుడు తూర్పున పొడుస్తాడంటే నేను పడమర అనేదాన్ని. భోజనాల దగ్గర పిల్లను పట్టుకున్నాను.

"గీ ఎండలు మనిషి చేసుడేందే? మా తాత కాలంల కరువు రాలేదా? చెర్లు ఎండలేదా? అప్పుడు ఏ కార్ఖాన ఉండె, ఏ చిమ్నీ ఉండె?"

"అమ్మా, ఐక నా, జర ఇను. కరువు వేరే, గిది వేరే. చిన్నమ్మ మస్తు సమ్జాయించింది. నీకు తర్వాత చెప్త," అంది నా కూతురు అన్నం కలుపుతూ.

తర్వాత! కన్నతల్లికి తర్వాత, పిన్నికి ఇప్పుడు. పక్కనే ఉన్న మా ఆయన, "మీ అమ్మ చెప్పింది కరెక్టే," అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. అది కూడా నాకే నమ్మకం లేని విషయంలో వచ్చింది.

అవతల రోజూ సాయంత్రం సాధన. కిటికీలోంచి నవ్వులు వినిపించేవి. నేను గిన్నెలు కాస్త గట్టిగా తోమేదాన్ని. ఒకరోజు సర్వపిండి చేసి, వేడివేడిగా నేనే పట్టుకెళ్ళాను. ఏం చదువుతున్నారో చూసొద్దామని. పల్లెం అందుకుని నా కూతురు "అక్కడ పెట్టు అమ్మా, తర్వాత తింటం" అంది. ఆమె మాత్రం లేచి, "అక్కా, కూసో అక్కా, నువ్వు గూడ ఇను," అని పీట వేసింది. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని అబద్ధం చెప్పి వచ్చేశాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేనూ పిల్లా కార్ఖానాకు అన్నం తీసుకుపోయాం. మా కార్ఖానా కనేరిలో. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే ఇళ్ళవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పాలి. పొడి ఎండకూ వేడిగాలికీ పడుగు పోగు పెళుసెక్కి టపటపా తెగుతుంది. పోగు తెగితే సాంచా ఆగుతుంది. అందుకని ఎండలు ముదిరినకొద్దీ మావాళ్ళు కిటికీలు బిగించేస్తారు. వాటికి తడి గోనెసంచులు కడతారు, నేల మీద నీళ్ళు చల్లుతారు, ఫ్యాను వేయరు. పోగుకు చెమ్మ కావాలి. మనిషికి ఏం కావాలో ఎవరూ అడగరు. ఆ రోజు లోపలికి అడుగుపెడితే బయటి ఎండే నయమనిపించింది. మా ఆయన బనియన్ పిండితే నీళ్ళు కారేలా ఉంది. ముఖం కందగడ్డలా అయింది. గోడకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. సాంచాల చప్పుడుకు మించి అరిచాను.

"ఏందయ్యా గిది, కార్ఖానా, కొలిమా? సచ్చిపోతవా ఏంది?"

"ఏం జేస్తం. ఎండలు గట్లున్నయి. కాలం మారింది," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఎండ దేవుడు పంపిండు, సరే. కిటికీ ఎవరు మూసిండ్రు?"

"తీస్తే పోగులు తెగుతయే."

"పోగు తెగితే అతుకుతవు. నువ్వు తెగితే ఎవరతుకాలె?"

ఆయన మజ్జిగ తాగాడు, అన్నం తిన్నాడు. కిటికీ తెరవలేదు. నా కూతురు నా పక్కనే మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నాకు తర్వాత అవసరం. నేనైతే ఆ గొడవను ఇంటికొచ్చేసరికే మరిచిపోయాను. మొగుడితో అరిచిన ప్రతి అరుపూ గుర్తుంచుకుంటే ఆడవాళ్ళకు ఇంకో పని ఉండదు.

పోటీ సాయంత్రం మండపం కిక్కిరిసింది. ముందు వరుసల్లో పెద్దలు, వెనక షిఫ్టు దిగి వచ్చిన సాంచాల పనివాళ్ళు. ప్రకృతి పక్షాన మాట్లాడింది నూలు వ్యాపారి కొడుకు, ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు. మంచి మాటకారి. మనిషి పుట్టకముందు కూడా భూమి వేడెక్కింది, చల్లబడింది, మంచు పట్టింది, కరిగింది అన్నాడు. అప్పుడెవరి చిమ్నీ ఉందని అడిగాడు. అచ్చం నా వాదమే, కాకపోతే ఇస్త్రీ చేసి తొడిగినట్టుంది. నా చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి.

మా అత్తగారు నా తొడ గిచ్చింది. "మన పోరికి ఎదురు కొడ్తున్నవేందే?"

అప్పుడు నా కూతురు లేచింది. హిందీలో మొదలుపెట్టింది, మధ్యమధ్య మరాఠీ. భూమి ముందు కూడా మారిన మాట నిజమే అంది. సూర్యుడికీ అగ్నిపర్వతాలకూ వాటి పాత్ర ఉందని ఒప్పుకుంది. ముందు ఒప్పుకుని తర్వాత పట్టుకోవడం ఎవరు నేర్పిన విద్యో నాకు తెలుసు. కానీ ఇప్పుడింత తొందరగా వేడెక్కడం సూర్యుడి లెక్కలో లేదు అంది. మనం కాల్చిన బొగ్గు, డీజిలు పొగ గాలిలో చేరి లోపలి వేడిని బయటకు పోనివ్వడం లేదంది. మండపంలో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. అప్పుడు పిల్ల ఒక్క క్షణం ఆగి, తెలుగులోకి వచ్చింది.

"మా కార్ఖానల ఎండాకాలం ఉడుకుతది. బాపును అడిగితే కాలం మారింది అంటడు. ఎండ దేవుడు పంపిండు, సరే. కిటికీ ఎవరు మూసిండ్రు?"

వెంటనే నా పిల్ల అదే మాట హిందీలో అంది. వెనక వరుసల్లోంచి లేచిన కేకకు మండపం గుడ్డ ఊగింది. ఆ కిటికీల వెనక పొద్దంతా ఉడికి వచ్చినవాళ్ళు వాళ్ళే కదా.

నేను అత్తగారి చెయ్యి పట్టుకుని "అత్తా, అది నా మాట" అన్నాను. లౌడ్‌స్పీకర్ హోరులో ఆవిడకు వినపడలేదు. "అవునే, మస్తు జెప్పింది," అంది.

మొదటి బహుమతి నా కూతురిదే. మండలి పెద్దాయన మైకు పట్టుకుని, "గింత మంచి మాట ఎవరు నేర్పిండ్రు బిడ్డా?" అని అడిగాడు.

నా చెంగు సర్దుకున్నాను. నిజం చెబుతున్నాను, సర్దుకున్నాను.

"మా చిన్నమ్మ," అంది నా కూతురు. ఆలోచించలేదు కూడా.

మా తోటికోడల్ని స్టేజీ మీదికి పిలిచారు. శాలువా తెచ్చారు. ఆమె మెట్లెక్కుతుంటే నా కళ్ళలో కారం పడ్డట్టయింది. కూర నీదే, చదువు నీదే, నా పిల్ల సాయంత్రాలు నీవే, నా మొగుడి మీద నేను అరిచిన అరుపు కూడా నీదేనా అనుకున్నాను. ఆ శాలువా అక్కడే అంటుకుని మండితే బాగుండనిపించింది. దేవుడి మీద ఒట్టు, అనిపించింది.

ఆమె శాలువాను చేత్తో ఆపి మైకు అడిగి తీసుకుంది.

"గిది నాకొద్దు. ఆ కిటికీ మాట మా అక్కది. పిల్ల కార్ఖానల ఇనొచ్చి నాకు చెప్పింది, నేను బాగున్నదని రాయించిన, గంతే. అక్కా, జర లేసి నిలవడు."

తలలన్నీ నా వైపు తిరిగాయి. చెమటకు చీర ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయింది. ఎలాగో లేచాను. చప్పట్లు కొట్టారు. ఆమె దిగి వచ్చి తన చేతులతో ఆ శాలువా నాకు కప్పింది. మే నెలలో, ఆ ఉక్కలో, ఊలు శాలువా.

ఇక చూడండి. మండపం నుంచి ఇంటికి వచ్చే దారి పొడవునా జనం నన్ను ఆపి మెచ్చుకున్నది ఆమెనే. ఎంత మనసమ్మా నీ యారాలిది, ఇంకొకతైతే నోరు మూసుకుని కప్పించుకునేది అన్నారు. ఆ ఇంకొకతె నేనేనని వాళ్ళకేం తెలుసు. మా అత్తగారైతే చిన్నకోడలి మనసు వెన్న అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ సొమ్ము నాది, దానం పుచ్చుకున్నదీ నేనే, దాత పేరు ఆమెకు. దొంగిలించి ఉంటే పోట్లాడేదాన్ని. తెచ్చి చేతిలో పెట్టినదానితో ఏమని పోట్లాడాలి?

గల్లీ మలుపులో నా కూతురు నా చెయ్యి పట్టుకుంది. తప్పు చేసినదానిలా లేదు. నిజంగానే ఆశ్చర్యపోతోంది.

"అమ్మా, అది ఖరేచ్, నిజంగ నీ మాటేనా? నాకు యాదికే లేదు. ఎంత యాది చేసుకున్నా చిన్నమ్మ గొంతులనే ఇనవడ్తున్నది."

చెంబు పట్టుకుని నా పక్కనే నిలబడింది. అరిచింది నేను. ఆ చెవిలో మిగిలిన గొంతు ఆమెది. ఈ ఒక్కటి మాత్రం ఆమె స్టేజీ ఎక్కినా తిరిగి ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి శాలువాను మడిచి పెట్టెలో అడుగున పెట్టాను. వంటింట్లోకి పోయి కిటికీ మూసి గొళ్ళెం పెట్టాను. పెట్టీపెట్టగానే అవతలి నుంచి చెక్క మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు. "అక్కా, శ్రీఖండ్ చేసిన, గిన్నె అందుకో," అంది ఆమె. నేను గొళ్ళెం మీద చెయ్యి వేసి నొక్కిపట్టాను. మళ్ళీ కొట్టింది. పొయ్యి వెలుగుతోంది, ఊపిరాడనంత ఉక్క, చెమట కళ్ళలోకి కారుతోంది.

మా ఆయన మంచినీళ్ళకు వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. "ఏం ఉడుకే ఇది! పానం పోతున్నది."

"ఏం జేస్తం," అన్నాను గొళ్ళెం మీద నుంచి చెయ్యి తీయకుండా. "కాలం మారింది."